రెండేళ్లు... రెండక్షరాలు!

అమెరికాలో ఓ పరీక్ష ఉంది. పేరున్న యూనివర్సిటీలో నాలుగేళ్లు నర్సింగ్ చదివిన అమ్మాయీ దానికి కూర్చుంటుంది. దుకాణంలో బిల్లులు కొడుతూ, ఊళ్లోని కాలేజీలో రెండేళ్ల కోర్సు ముగించిన ముగ్గురు పిల్లల తల్లీ కూర్చుంటుంది. ఇద్దరికీ పరీక్ష ఒకటే. దాటాల్సిన గీత ఒకటే. గట్టెక్కితే ఇద్దరి పేర్ల పక్కనా చేరే అక్షరాలూ అవే... ఆర్.ఎన్. అంటే రిజిస్టర్డ్ నర్సు!

చదువు కోసం జనం అప్పులపాలయ్యే దేశంలో, ఇల్లు గడవడమే కష్టమైన మనిషి కూడా చేరుకోగలిగిన గౌరవమైన ఉద్యోగం ఇది. ఆ దారి పేరు కమ్యూనిటీ కాలేజీ. దానికి డెబ్భై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. గుమ్మం దగ్గర గట్టి పోటీ ఉంది. లోపల కత్తి మీద సాము ఉంది. ఇవన్నీ దాటి బయటికొచ్చాక ‘నీ రెండేళ్ల చదువు చాలదు’ అనే మాట కూడా ఉంది.

ఊరి కాలేజీలో కొత్త చదువు

కమ్యూనిటీ కాలేజీ అంటే ప్రజల పన్నులతో నడిచే రెండేళ్ల కాలేజీ. మన ఇంటర్‌కీ డిగ్రీకీ మధ్య రకం అనుకోవచ్చు. ఇలినాయి రాష్ట్రంలో 1901లో మొదలైన జోలియెట్ జూనియర్ కాలేజీ ఇలాంటి ప్రభుత్వ కాలేజీల్లో మొట్టమొదటిది. ఇప్పుడు దేశమంతా కలిపి వెయ్యి దాకా ఉన్నాయి. హైస్కూలు పూర్తిచేసిన ఎవరైనా చేరొచ్చు. పద్దెనిమిదేళ్ల కుర్రాడి పక్కన నలభై అయిదేళ్ల ఆవిడ కూర్చుని పాఠం వింటుంది. సాయంత్రం క్లాసులుంటాయి. 2024-25 లెక్కల ప్రకారం స్థానిక విద్యార్థికి సగటు ఫీజు ఏడాదికి 4,050 డాలర్లు. అక్కడి ప్రైవేటు యూనివర్సిటీలో ఒక్క సబ్జెక్టుకు కూడా ఆ సొమ్ము చాలకపోవచ్చు.

ఇలాంటి కాలేజీల్లోకి నర్సింగ్ రావడం వెనక ఓ మహిళ ఉంది. పేరు మిల్డ్రెడ్ మాంటాగ్. రెండో ప్రపంచయుద్ధం ముగిసింది. ఆసుపత్రులు పెరుగుతున్నాయి. నర్సులు చాలడం లేదు. అప్పట్లో ఎక్కువమంది నర్సులు ఆసుపత్రులు నడిపే మూడేళ్ల డిప్లొమా స్కూళ్లలోనే తయారయ్యేవారు. అక్కడే హాస్టల్లో ఉండాలి. వార్డుల్లో పగలూ రాత్రీ డ్యూటీలు చెయ్యాలి. చదువు పేరుతో ఆసుపత్రికి చవగ్గా పనివాళ్లు దొరికేవారు. పెళ్లయినవాళ్లకు చాలాచోట్ల ప్రవేశమే లేదు.

కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో పరిశోధన చేస్తున్న మాంటాగ్ దీన్ని మరోలా ఆలోచించింది. నర్సింగ్ చదువును ఆసుపత్రి చేతుల్లోంచి తీసి కాలేజీ చేతికివ్వాలి. వార్డు డ్యూటీ ఆసుపత్రి అవసరం కోసం కాదు, విద్యార్థి నేర్చుకోవడం కోసం ఉండాలి. అలా చేస్తే రెండేళ్లు చాలంటూ 1951లో సిద్ధాంత గ్రంథం రాసింది. మరుసటి ఏడాదే ప్రయోగం మొదలైంది. ఏడు జూనియర్, కమ్యూనిటీ కాలేజీలు దాన్ని చేపట్టాయి. రెండేళ్లలో తయారైన నర్సులు లైసెన్సు పరీక్షలో నెగ్గారు. వార్డుల్లోనూ నెగ్గుకొచ్చారు. పెళ్లయినవాళ్లకీ, వయసు దాటిందనుకున్నవాళ్లకీ, మగవాళ్లకీ కూడా దారి తెరుచుకుంది.

ఇక్కడే చిన్న మెలిక. మాంటాగ్ అనుకున్నది ‘నర్సింగ్ టెక్నీషియన్’ని. డిగ్రీ నర్సుకి ఓ మెట్టు కింద ఉండి, మంచం పక్కన చెయ్యాల్సిన పనులు చక్కగా చేసే మనిషిని. కానీ వాళ్లకోసం వేరే పరీక్ష పెట్టలేదు. వేరే లైసెన్సూ ఇవ్వలేదు. పరీక్ష ఒకటే అయినప్పుడు పేరూ ఒకటే అయింది. ఆ ఒక్క కారణంతో లక్షలాది మంది జీవితాలు మారాయి. దశాబ్దాలుగా తెగని తగవూ అక్కడే మొదలైంది.

రెండేళ్లంటే రెండేళ్లు కాదు

కాలేజీలో చేరడం తేలికే. నర్సింగ్‌లో సీటే తేలిక కాదు.

ముందు ప్రీ-రిక్విజిట్స్ అనే కొన్ని సబ్జెక్టులు పూర్తిచెయ్యాలి. శరీర నిర్మాణం, శరీరధర్మ శాస్త్రం రెండు భాగాలు. మైక్రోబయాలజీ. ఇంగ్లిషు వ్యాసరచన. సైకాలజీ. కొన్నిచోట్ల స్టాటిస్టిక్స్, కెమిస్ట్రీ. ఉద్యోగం చేసుకుంటూ ఒక్కొక్కటే చదివేవాళ్లకు వీటికే ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ఎప్పుడో చదివాం కదా అంటే కుదరదు. సైన్సు మార్కులు అయిదేళ్లో ఏడేళ్లో దాటితే చాలా కాలేజీలు లెక్కలోకి తీసుకోవు. ఎమ్మెస్సీ చేసిన మనిషైనా మళ్లీ కప్పల పాఠం నుంచి మొదలుపెట్టాల్సిందే.

ఆ తర్వాత టీస్ లాంటి ప్రవేశపరీక్ష. చదివి అర్థం చేసుకోవడం, లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు అన్నీ ఉంటాయి. సబ్జెక్టుల్లో తెచ్చుకున్న గ్రేడ్లకు కొన్ని పాయింట్లు. ప్రవేశపరీక్షకు కొన్ని పాయింట్లు. ఆసుపత్రిలో నర్సుకు సాయంగా పనిచేసిన అనుభవం ఉంటే మరికొన్ని. అన్నీ కలిపి పైనున్నవాళ్లకు సీటు. కొన్ని కాలేజీలు వెయిటింగ్ లిస్టు పెట్టాయి. కొన్ని ఏకంగా లాటరీ తీశాయి. అన్నిట్లో ‘ఎ’ గ్రేడు తెచ్చుకుని కూడా చీటీ రాక మరో ఏడాది ఆగినవాళ్లున్నారు.

ఓవైపు నర్సులు చాలడం లేదంటూనే మరోవైపు చదువుతామని వచ్చినవాళ్లను ఎందుకు వెనక్కి పంపుతున్నట్టు? తరగతి గదిలో వందమందిని కూర్చోబెట్టొచ్చు. వార్డులో కుదరదు. అక్కడ ఒక అధ్యాపకురాలి వెంట ఎనిమిది నుంచి పన్నెండు మంది విద్యార్థులే ఉంటారు. వాళ్లు చేసే ప్రతి పనికీ ఆమే పూచీ. ఆ అధ్యాపకురాలికి చాలాచోట్ల మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. అంత చదివిన నర్సుకు కాలేజీకన్నా ఆసుపత్రే ఎక్కువ జీతమిస్తుంది. ఇక పాఠం చెప్పడానికి ఎవరొస్తారు? దానికితోడు ఊళ్లో ఉన్న ఒకటో రెండో ఆసుపత్రుల్లోనే అన్ని నర్సింగ్ కాలేజీలూ వంతులు పంచుకోవాలి. సీట్లు పెరగకపోవడానికి అసలు కారణం ఇదీ.

బొమ్మతో మొదలు

సీటు వచ్చింది. మొదటి సెమిస్టరులో మొట్టమొదటి పాఠం... చేతులు కడుక్కోవడం. నవ్వులాట కాదు. సరిగ్గా కడగకపోతే ఫెయిల్ చేస్తారు.

స్కిల్స్ ల్యాబ్‌లో మంచాలుంటాయి. వాటిమీద మనిషంత బొమ్మలుంటాయి. కొన్ని బొమ్మలు ఊపిరి తీస్తాయి. దగ్గుతాయి. నాడి కొట్టుకుంటుంది. టీచరు పక్కగదిలోంచి మీట నొక్కితే బీపీ పడిపోతుంది. మనిషి పడుకుని ఉండగానే మంచం మీద దుప్పటి మార్చడం, కదల్లేనివాళ్లను పక్కకు తిప్పడం, బీపీ చూడటం, మూత్రనాళంలో గొట్టం వెయ్యడం, పుండుకు కట్టు కట్టడం అన్నీ ముందు ఈ బొమ్మల మీదే. ఒక్కో పనికీ అంచెలుంటాయి. టీచరు ముందు వరసగా చేసి చూపించాలి. తొడుక్కున్న స్టెరైల్ గ్లవ్ మంచం అంచుకు తగిలిందా... అంతే. మళ్లీ మొదటికి!

మందుల లెక్కలకు వేరే పరీక్ష. గుండెజబ్బు మనిషికి డాక్టరు 0.25 మిల్లీగ్రాముల డిగాక్సిన్ రాశాడు. సీసాలో ఉన్నవి 125 మైక్రోగ్రాముల మాత్రలు. ఎన్నివ్వాలి? రెండు. ఆరో తరగతి పిల్లాడు చేసే లెక్కే. కానీ చుక్క ఒక్క స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. అందుకే ఈ పరీక్షలో చాలా కాలేజీలు నూటికి తొంభై, కొన్నయితే నూటికి నూరు రావాలంటాయి. పైగా లెక్క ఒప్పయినంత మాత్రాన మాత్ర చేతిలో పెట్టెయ్యకూడదు. గుండె మీద స్టెతస్కోపు ఆనించి నిమిషం పాటు లెక్కపెట్టాలి. పెద్దవాళ్లలో అరవై కన్నా తక్కువుంటే మందు ఆపి డాక్టరుకు చెప్పాలి. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం... ఈ అయిదూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

కొన్ని వారాలు తిరక్కముందే అసలైన వార్డు. వీటినే క్లినికల్స్ అంటారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పిల్లల డబ్బాలు సర్ది, ఆరున్నరకల్లా యూనిఫాంలో ఆసుపత్రిలో ఉండాలి. మొదట ఒక్క పేషెంటును అప్పగిస్తారు. జబ్బేమిటి, వాడుతున్న మందులేమిటి, ఒక్కో మందు ఎందుకు, దేంతో పడదు, రక్తపరీక్షలో ఏ అంకె ఎందుకు పెరిగింది... అన్నీ రాసి కేర్‌ప్లాన్ తయారుచెయ్యాలి. ఒక్క పేషెంటు కోసం ఇరవై పేజీలు రాసిన రాత్రులుంటాయి. సెమిస్టర్లు మారేకొద్దీ ప్రసూతి వార్డు, పిల్లల వార్డు, మానసిక వైద్యం, ఆపరేషన్ అయినవాళ్లుండే వార్డు వరసగా వస్తాయి. చివర్లో ఒక అనుభవమున్న నర్సు వెంట నీడలా పూర్తి డ్యూటీలు చెయ్యాలి.

వీటి మధ్యలోనే పుస్తకాల్లో ఉండనివి ఎదురవుతాయి. ముసలాయనకు స్నానం చేయించడం. బిడ్డ దక్కని తల్లి పక్కన ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం. మొట్టమొదటిసారి ఓ మరణాన్ని చూడటం. కొందరు అప్పుడే కోర్సు వదిలేస్తారు. కొందరికి మాత్రం ‘నేను చెయ్యాల్సింది ఇదే’ అని తెలిసేదీ అప్పుడే.

అన్నీ కరెక్టే... ఏది ముందు?

చిన్నప్పటినుంచీ ఫస్టు మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా నర్సింగ్ మొదటి పరీక్షలో బోల్తాపడతారు. ఎందుకంటే ఇక్కడ నాలుగు జవాబుల్లో ఒక్కటే ఒప్పు ఉండదు. చాలాసార్లు నాలుగూ ఒప్పే.

ఉదాహరణకు నలుగురు పేషెంట్లు. ఒకరికి నిన్న ఆపరేషన్ అయింది, నొప్పి అంటున్నారు. ఒకరు ఇంటికెళ్లడానికి కాగితాల కోసం ఎదురుచూస్తున్నారు. ఒకరి షుగరు 180 ఉంది. నాలుగో మనిషి పొద్దున దాకా బాగానే ఉన్న పెద్దాయన, ఇప్పుడు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతున్నాడు. నర్సు ముందు ఎవరి దగ్గరికెళ్లాలి?

నొప్పి అంటున్న మనిషి దగ్గరికే వెళ్లాలనిపిస్తుంది. కానీ వెళ్లాల్సింది పెద్దాయన దగ్గరికి. ఉన్నట్టుండి వచ్చిన తికమక ఆక్సిజన్ తగ్గడం కావచ్చు. పక్షవాతం కావచ్చు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ముదరడమూ కావచ్చు. జాలి ఒకవైపు లాగుతుంటే ప్రమాదం ఎటుందో చూడగలగడమే ఈ చదువు. బట్టీ పట్టి ఇక్కడ గట్టెక్కలేరు. పాసుమార్కు చాలా కాలేజీల్లో డెబ్భై అయిదు, ఆపైనే. రెండుసార్లు తప్పితే కోర్సు నుంచి పంపించేసే కాలేజీలు తక్కువేం కాదు.

కంప్యూటరు ఆగిపోయిందంటే...

కోర్సు ముగిసింది. పిన్నింగ్ అనే వేడుకలో ఇంట్లోవాళ్లు వచ్చి కాలేజీ బిళ్లను కోటుకు గుచ్చుతారు. ఫ్లారెన్స్ నైటింగేల్ పేరుతో 1893లో డెట్రాయిట్‌లో రాసిన ప్రతిజ్ఞను కొన్నిచోట్ల ఇప్పటికీ చదువుతారు. అయినా అప్పటికింకా వాళ్లు నర్సులు కారు. ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్ మిగిలే ఉంది.

ఒకప్పుడు ఇది ఏడాదికి రెండుసార్లు, రెండేసి రోజులు కాగితం మీద జరిగేది. 1994లో కంప్యూటరు మీదికి మారింది. సరైన జవాబిస్తే తర్వాతి ప్రశ్న కష్టంగా వస్తుంది. తప్పితే తేలిక పడుతుంది. వెనక్కెళ్లి దిద్దుకునే వీల్లేదు. 2023 ఏప్రిల్ నుంచి కొత్త రూపం వచ్చింది. ఒక పేషెంటు కథ మొత్తం ఇచ్చి, ఏం గమనించావు, ఏం అనుమానించావు, ఏం చేస్తావు అని వరసగా ఆరు ప్రశ్నలడుగుతుంది. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. గడువు అయిదు గంటలు. ఈ మనిషి గీత దాటినట్టేనని, లేదా దాటలేదని గట్టిగా తేలగానే కంప్యూటరు ఆగిపోతుంది. 85 దగ్గరే తెర ఆగిపోయిందంటే దానికి రెండర్థాలు... బ్రహ్మాండంగా రాసుండాలి, లేదా ఘోరంగా తప్పుండాలి! ఏదన్నది తెలిసేదాకా ఇంటిల్లిపాదికీ నిద్రపట్టదు.

2023లో అమెరికాలోనే చదివి మొదటిసారి రాసినవాళ్లలో నూటికి 88 మందికి పైగా పాసయ్యారు. రెండేళ్లవాళ్లకీ నాలుగేళ్లవాళ్లకీ మధ్య తేడా కొద్దిపాటిదే. పాసైనవాళ్ల ముందున్నది చిన్న ఉద్యోగమేం కాదు. 2024 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో రిజిస్టర్డ్ నర్సుల వార్షిక జీతాల మధ్యస్థం 93,600 డాలర్లు. అంటే సగంమందికి అంతకన్నా ఎక్కువే వస్తోందన్నమాట.

నిచ్చెనకు మరో మెట్టు

అన్నీ బాగుంటే తగవెందుకు? అమెరికన్ నర్సుల సంఘం 1965లోనే అంది, వృత్తి నర్సు కావాలంటే నాలుగేళ్ల డిగ్రీ ఉండాల్సిందేనని. ఉత్తర డకోటా రాష్ట్రం 1987లో దాన్ని నిబంధనగా మార్చింది. 2003లో వెనక్కి తీసుకుంది. అదే 2003లో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద చేసిన పరిశోధన వెలువడింది. డిగ్రీ నర్సుల వాటా పది శాతం పెరిగితే, ఆపరేషన్ అయినవాళ్లు నెలలోపు చనిపోయే ముప్పు అయిదు శాతం తగ్గుతోందని తేల్చింది. 2020కల్లా నర్సుల్లో 80 శాతం మంది డిగ్రీవాళ్లు కావాలని 2010లో ఓ జాతీయ నివేదిక సూచించింది. ఆ గడువుకు లక్ష్యం నెరవేరలేదు. న్యూయార్క్ రాష్ట్రం 2017లో మధ్యేమార్గం పట్టింది. రెండేళ్ల చదువుతో చేరండి, పదేళ్లలోపు డిగ్రీ తెచ్చుకోండి అని చట్టం చేసింది.

వాదన తీసిపారేసేది కాదు. అవతల ఉన్నది ప్రాణం. అయితే మరోవైపూ చూడాలి. ఇరవై ఏళ్లకే నాలుగేళ్ల యూనివర్సిటీ ఖర్చు భరించగల ఇళ్లవాళ్లే నర్సులు కావాలంటే పల్లెటూరి ఆసుపత్రికి వచ్చేదెవరు? స్పానిష్‌లోనో వియత్నమీస్‌లోనో నొప్పి చెప్పుకునే పేషెంటుకు ఆ భాషలో జవాబిచ్చేదెవరు? ఊరి కాలేజీలో చదివినవాళ్లు ఎక్కువగా ఆ ఊళ్లోనే ఉంటారు. అందుకే ఫ్లోరిడా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాలు కమ్యూనిటీ కాలేజీలే నర్సింగ్ డిగ్రీ ఇచ్చుకోవడానికి ఒప్పుకున్నాయి. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లులు చట్టసభ దాటాయి కానీ 2024లో గవర్నర్ వాటిని తిప్పికొట్టారు. ఈలోగా చాలామంది చేస్తున్నది ఒకటే. రెండేళ్ల చదువుతో ఉద్యోగంలో చేరి, ఆ జీతంతోనే ఆన్‌లైన్‌లో డిగ్రీ పూర్తిచేస్తున్నారు. కొన్ని ఆసుపత్రులు ఆ ఫీజూ భరిస్తున్నాయి.

మనవాళ్లకు దారుందా?

భర్త ఉద్యోగం మీద హెచ్-4 వీసాతో డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లిన తెలుగమ్మాయిల్లో ఈ కోర్సు గురించి ఆరా తీసేవాళ్లున్నారు. ఆ వీసా మీద చదువుకోవచ్చు. కానీ ఉద్యోగం చెయ్యడానికి వేరే అనుమతి కావాలి. 2015 మేలో అమల్లోకొచ్చిన నిబంధన ప్రకారం భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నం ఒక దశ దాటితేనే అది దొరుకుతుంది. ఆ అనుమతి లేకపోతే లైసెన్సు చేతిలో ఉన్నా వార్డులో అడుగుపెట్టలేరు. పైగా మామూలు నర్సు ఉద్యోగానికి హెచ్-1బి రావడం కష్టం. ఆ వీసాకు డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగమై ఉండాలి. రెండేళ్ల చదువుతోనే నర్సు కావచ్చన్న వెసులుబాటు ఇక్కడ అడ్డంకిగా మారింది! కేంద్ర ప్రభుత్వ ఆర్థికసాయం కూడా హెచ్-4 వాళ్లకు అందదు. గ్రీన్‌కార్డు వచ్చాక మాత్రం ఫీజుకు సాయం, ఉద్యోగం రెండింటికీ తలుపులు తెరుచుకుంటాయి. కాబట్టి కాలేజీ కౌన్సెలర్ దగ్గరికెళ్లే ముందు వీసా సంగతి చూసుకోవడం మంచిది.

ఇక్కడే జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చేసి వెళ్లినవాళ్లది వేరే దారి. వాళ్లు మళ్లీ మొదట్నుంచీ చదవక్కర్లేదు. సర్టిఫికెట్లను మదింపు చేయించుకుని, రాష్ట్ర నర్సింగ్ బోర్డు అనుమతితో ఎన్‌క్లెక్స్ రాయొచ్చు. తక్కువైన సబ్జెక్టులుంటే బోర్డు చెబుతుంది. వాటిని పూర్తిచేసుకోవడానికి మళ్లీ ఈ కమ్యూనిటీ కాలేజీలే దిక్కు.

ముప్పై అయిదేళ్లప్పుడు, ‘ఈ వయసులో చదువేంటి’ అనే మాట ఇంట్లోంచే వినబడుతుంది. రెండేళ్లనుకున్నది నాలుగేళ్లవుతుంది. ఆ నాలుగేళ్లూ చదివినా చదవకపోయినా గడిచిపోయేవే. చదివితే మాత్రం ఏ రాత్రివేళో బెల్లు నొక్కిన పేషెంటు దగ్గరికి పరుగున వెళ్లి, ఊపిరి తేడాను చెవితో పట్టి, డాక్టరును నిద్రలేపేది ఆమే అవుతుంది. ఆ పేషెంటు ‘ఎక్కడ చదివావమ్మా’ అని అడగడు. అడిగినా ఆమె చెప్పుకోగలదు... మా ఊరి కాలేజీలోనే అని.